వాటాకు వచ్చిన పెట్ట

మా అత్తగారి పుట్టినిల్లు ఏలేశ్వరము. ఆమె కాపురమునకు వచ్చిననాడు పసుపు కుంకుమలతోను ఇత్తడి బిందెలతోను పాటు ఒక డేగరంగు కోడిపెట్టను గంపలో పెట్టి పంపిరట. ఆ పెట్టను ఆమె తల్లి అడ్డతీగల సంతలో కొన్నదట. "బిందెలు సొట్టలు పడినవి, చీరలు చినిగిపోయినవి, పెట్ట ఒక్కటే పిల్లలై, పిల్లల పిల్లలై పెరడంతయు నిండినది" అని ఆమె చెప్పుచుండెడిది. అది నిజమే. మేమిద్దఱము తోడికోడండ్రము ఆ యింట అడుగిడిన నాటికి ఆ పెట్ట సంతతివే పది పండ్రెండు కోళ్లు పెరటిలో తిరుగుచుండెను. మేము బాలింతరాండ్రమై యున్నప్పుడు ఆ పెట్టల గ్రుడ్లే తింటిమి. మా పిల్లలకు అన్నము తినుట నేర్పిన దినములలో ఆ గ్రుడ్లే పెట్టితిమి.

రెండేండ్ల క్రిందట చైత్రమాసమున మా యూరికి కొక్కెర తెగులు వచ్చినది. మొదట ఒక పుంజు మెడ వంకర త్రిప్పి నిలువబడినది. మఱునాటికి పెట్టలు రెక్కలు వ్రేలవేసి, నోరు తెఱచి రొప్పుచు, పచ్చగా విరేచనములగుచు మూలలు చేరినవి. ఆఱు దినములలో 19 కోళ్లు పోయినవి. టీకా వేయించి యెన్నాళ్లయినదని పశువైద్యుడు అడిగినప్పుడు మేము తలలు వంచుకొంటిమి. అది మా పని. కోతలనియు, పిల్లల పరీక్షలనియు చెప్పి రెండు నెలలు వాయిదా వేసినది మేమే. అత్తగారు మమ్ము ఒక్క మాటయైన అనలేదు. ఖాళీ గంపలను కడిగి, ఎండబెట్టి, అటకమీద పెట్టుకొన్నది. ఆమె గట్టిగా తిట్టినను మాకు అంత కష్టముగా నుండెడిది కాదు.

తరువాత మేము మెఱుగుపఱచిన జాతి పెట్టలు నాలుగింటిని కొని తెచ్చితిమి. వాటిని నిందింపరాదు. దాణా వేసినంత కాలము దాదాపు దినము విడిచి దినము పెద్ద పెద్ద గ్రుడ్లు పెట్టినవి. కాని అవి పొదుగుటెఱుగవు. గ్రుడ్డు పెట్టి, ఒక కేక వేసి, వెనుదిరిగి చూడక పోవును. ఎక్కువ గ్రుడ్లు పెట్టవలెనని తరతరములుగా ఏర్చి కూర్చుటలో పొదుగు బుద్ధి వాటికి లేకుండ పోయినది. పొదుగునకు కూర్చున్న పెట్ట గ్రుడ్లు పెట్టదు గదా! కావున ఆ పెట్టలు ముదిరిన పిమ్మట మఱల బజారునకు పోయి క్రొత్తవి కొనవలసినదే. గద్ద నీడ పడినను తలయెత్తి చూడని ఆ పెట్టలలో రెంటిని ముంగిస యెత్తుకొనిపోయినది. మిగిలినవి గ్రుడ్లు మానినవి. ఈ యేడు సంక్రాంతి వెళ్లిన పిదప అత్తగారు మమ్ము పిలిచి, "నా మోకాళ్లు నడువనీయవు. మీరిద్దఱును అడ్డతీగల వెళ్లి నా పెట్టవంటి పెట్టను తెండు" అన్నది. కాళ్లు ఎత్తుగా నుండవలెను, మెడ పొడవుగా నుండవలెను, తలపై జుట్టు చిన్నదై బిగువుగా అణగి యుండవలెను, ఒక్కసారియైన పిల్లలను లేపినదై యుండవలెను. డేగరంగుదైనచో మఱి మంచిది. ఇవి ఆమె చెప్పిన గుఱుతులు.

మాఘమాసపు చలి ఇంకను విడువలేదు. ఏలేశ్వరము దాటి, ఏలేరు జలాశయపు నీళ్లు వెనుకకు తొలగిన పిమ్మట, దారికి ఇరుప్రక్కల జీడిమామిడి తోటలు పూతమీద నుండెను. బస్సు కిటికీలో నుండి ఆ పూత వాసన గుప్పున వచ్చుచుండెను. అటుపిమ్మట కొండలు దగ్గఱకు వచ్చును. అడ్డతీగల యను పేరే ఆ కొండల తీగను గుర్తుకు తెచ్చును. అడ్డాకు విస్తళ్లలో భోజనము చేయని తెలుగువారుందురా? ఆ యాకులనిచ్చు అడ్డతీగ చెట్లనల్లుకొని ఈ కొండలలో పెరుగును. 1922లో అల్లూరి సీతారామరాజుగారి దళము తుపాకులకై ముట్టడించిన రాజవొమ్మంగి ఠాణా ఇదే దారిన ఇంకను ముందునకున్నది. 2022లో జిల్లాలను మార్చినప్పుడు ఈ ప్రాంతమును తూర్పుగోదావరి నుండి తీసి ఆయన పేరిటి జిల్లాలో చేర్చిరి. కొండరెడ్లు, కోయదొరలు, కొండకమ్మరులు మొదలగువారి పల్లెలు ఆ లోయలలో నాలుగిండ్లొకచోట, పదియిండ్లొకచోటగా కానవచ్చును.

మేము వెళ్లినది సంతనాడే. కొండచీపుళ్ల కట్టలు, చింతపండు బుట్టలు, పసుపు కొమ్ములు, కందులు నేలమీద పఱచియుండెను. కోళ్లను అమ్ముచోటికి వెళ్లితిమి. అచ్చట మాకు కలిగిన మొదటి యాశ్చర్యము, అమ్మకమునకున్నవి అన్నియు పుంజులే. కాళ్లకు త్రాడు కట్టి, చంకలో నిఱికించుకొని మగవారు నిలిచియుండిరి. ఒకరు కాకి అని, ఒకరు నెమలి అని, మఱియొకరు సేతువ అని రంగు పేర్లు చెప్పి బేరములు చేయుచుండిరి. సంక్రాంతికి పోగా మిగిలిన పుంజులట అవి. 1960 నాటి జంతుహింసా నిరోధక చట్టము కూడదనుచున్నను, పందెపు పుంజుకున్న వెల ఎట్టిదో గోదావరి మండలములవారికి మేము చెప్పనక్కఱలేదు. పందెములలో గాయపడిన పుంజులను, ఆ రాత్రి వాని యజమానుల ఇండ్లలోని యాడువారి మొగములను మేము చూచియుంటిమి. ఆ మాట ఇక్కడ విడుతుము.

ఇంతకును ఈ జాతికి అసీలని పేరు. వంశము గలది, మేలిరకమైనది అని అరబ్బీలో దానికర్థము. మనము దినమునకు పదిసార్లు వాడు 'అసలు' అను మాటయు దీనికి చుట్టమే. దీనిని లోకము పందెపు కోడిగానే యెఱుగును. 19వ శతాబ్దమున ఇంగ్లండులోని కారన్‌వాలు సీమవారు మన దేశపు అసీలు పుంజులను అక్కడి కోళ్లతో కలిపి కార్నిష్ అను జాతిని కట్టిరి. నేడు అంగళ్లలో కిలోల లెక్కను అమ్ము బాయిలరు కోళ్లకు తండ్రివైపు వంశము ఆ కార్నిషే. ఇంత చరిత్రయు పుంజును గుఱించినదే. పెట్టను గుఱించి వ్రాసినవారెవరో మాకు కానరాలేదు. పెట్ట యెక్కడనున్నదని ఒక ముదుసలిని అడుగగా, ఆమె నవ్వి, "పెట్టలు సంతకు రావు తల్లీ. పెట్టలు ఇంటికాడుంటాయి" అన్నది.

ఆ పెద్దమ్మ పల్లె సంతకు రెండు కోసుల దూరము. ఆమె వెంట ఆటోలో కొంతదూరమును, నడచి కొంతదూరమును పోతిమి. మట్టిగోడలు, పెంకుటిల్లు, అలికిన అరుగు. ఇంటివెనుక వెదురుదడి లోపల ఐదు పెట్టలు, ఒక పుంజు, పిల్లలు కొన్ని తిరుగుచుండెను. అందు ఒక పెట్టను చూచి మేమిద్దఱము ఒకరి చేయి ఒకరు పట్టుకొంటిమి. అత్తగారు చెప్పిన కాళ్లు, అత్తగారు చెప్పిన మెడ. రంగు మాత్రము డేగ కాదు. బూడిదలో మసి కలిపినట్టి మైలరంగు. "దీని అమ్మ డేగదే. ఇది నాన్నని పోలింది" అని పెద్దమ్మ చెప్పినది.

వెల యడిగితిమి. ఆమె చెప్పలేదు. మేము రెండింతలు ఇత్తుమంటిమి. ఆమె మొగము చిట్లించి, "గుడ్లు పెట్టే పెట్టని ఎవరమ్ముతారు? పుంజు మా ఆయనది. అది పోతే డబ్బు ఆయన జేబులోకి పోద్ది. పెట్ట నాది. దీని మీదొచ్చిందే నా కూతురికి పుస్తకాలు" అన్నది. మేము సిగ్గుపడి ఊరకుంటిమి. మా యింటను అంతేకదా! ధాన్యపు సొమ్ము, పాల సొమ్ము ఎవరి చేతిలో పడినను, గ్రుడ్ల సొమ్ము పోపుడబ్బాలో పడెడిది. పందొమ్మిది కోళ్లు పోయినప్పుడు మా అత్తగారికి పోయినదేమో ఆ పల్లెలోని అరుగుమీద గాని మాకు పూర్తిగా తెలియలేదు.

అయినను ఆమె మమ్ము పొమ్మనలేదు. చల్ల ఇచ్చి కూర్చుండబెట్టి, "మీరు పెట్టను పెంచేవారో, తినేవారో ముందు చూడాలి" అని లెక్కలడుగ మొదలిడినది. ఒక దోసెడు చింతపిక్కలు నేలపై పోసి చెప్పిన ఆ లెక్క ఇది. ఆఱున్నర, ఏడు నెలలకు పెట్ట మొదటి గ్రుడ్డు పెట్టును. ఒక్క విడతకు 12, 13 గ్రుడ్లు. దినము విడిచి దినము పెట్టుననుకొన్నచో నెలకు కొంచెము తక్కువ. పిమ్మట 21 దినములు పొదుగు. పిల్లలతో తిరుగుట రెండు మూడు నెలలు. ఇట్లు విడతకు నాలుగు నెలలు పోగా ఏడాదికి మూడు విడతలు, అనగా 39 పిక్కలు. పరిశోధనాలయములలో మంచి దాణాతో, గ్రుడ్లు ఎప్పటికప్పుడు తీసివేయుచు పెంచిన అసీలు పెట్టలు ఏడాదికి 90 దాకను పెట్టిన లెక్కలు గలవు. ఫారములలోని తెల్లకోడి 300 దాటించును. ఈ లెక్క విని, "ఇంత తక్కువా!" అని మా చెల్లెలు నోరుజాఱినది. (తోడికోడలిని మేము చెల్లెలనియే పిలుచుకొందుము.) పెద్దమ్మ తడుముకొనలేదు. "మూడొందల కోడికి మేత ఎవరు కొంటారు? నా పెట్టకి నేనేసేది పొద్దున గుప్పెడు చోళ్లు, సాయంత్రం గుప్పెడు నూకలు. మిగతాది అదే ఏరుకుంటాది" అన్నది.

ఆ 39 పిక్కలను ఆమె పంచిన విధము మేము ఎన్నడును వినియుండలేదు. మేమైతే మొదట పెట్టిన గ్రుడ్లను దాచిపెట్టి పొదుగునకు వేసి, మిగిలినవి తినెడివారము. అది తలక్రిందుల పని. పెట్ట మొదట పెట్టిన గ్రుడ్లు కడపటి గ్రుడ్డు వచ్చునప్పటికి మూడు వారములవి యగును. వారము దాటిన గ్రుడ్డులో పిల్ల లేచు ఆశ తగ్గుచు వచ్చును; ఎండకాలమున ఐదు దినములే యెక్కువ. కావున మొదటివి ఇంటికి, కడపటివి పెట్టకు. గూటిలో ఎల్లప్పుడు ఒక గ్రుడ్డును బొగ్గుతో గీతగీసి విడిచిపెట్టుదురు. అది చూచి పెట్ట అచ్చటికే వచ్చును. లేనిచో గడ్డివామిలోనో కంచెలోనో చాటు చూచుకొని పెట్టును, పాము పాలగును. ఐదు పెట్టలున్న యింట ఐదింటిని పొదుగనియ్యరు. ఓర్పుగల రెంటినే కూర్చుండబెట్టి, తక్కినవాని కడపటి గ్రుడ్లనుగూడ వాని క్రిందనే చేర్తురు. తక్కిన మూడును పొదుగు తాపముతో గూడు విడువక కూర్చున్నప్పుడు చన్నీళ్లలో పొట్ట తడిపి, గూటికి దూరముగా వెలుతురులో ఉంచుదురు. నాలుగైదు దినములలో తాపము దిగి, కొద్ది వారములలో మఱల గ్రుడ్లకు వచ్చును. ముక్కు రంధ్రములలో ఈకను దూర్చు అలవాటును కొన్నిచోట్ల గలదు. అది మాకు నచ్చలేదు, పెద్దమ్మకును నచ్చదట. "దానికి పిల్లల మీద మనసయితే మనం ముక్కు పొడవడమెందుకు?" అన్నది.

పొదుగు గంపను చూపినది. వెడల్పైన బుట్టలో అడుగున ఇసుకయు బూడిదయు కలిపిన మెత్త, దానిపై ఎండుగడ్డి, పేలు పట్టకుండ సీతాఫలపు టాకులు. ఒక మూల ఇనుపమేకు, ఎండుమిరపకాయ, బొగ్గు. ఉఱుముల కివి కావలియట. ఉఱుములకు మిరపకాయ యేమి చేయునో మాకు తెలియదు గాని, తీసివేయుమని చెప్పు ధైర్యమును మాకు లేదు. ఏడవ రాత్రి చీకటిలో దీపమున కడ్డముగా గ్రుడ్డును పట్టి చూతురు. లోపల ఎఱ్ఱని నరములు సాలెగూడువలె కానవచ్చినచో ప్రాణమున్నట్లు. తేటగా నున్నచో వట్టిది. పదునెనిమిదవ నాడు గోరువెచ్చని నీళ్లలో వదలి, కదలు గ్రుడ్లను, కదలని గ్రుడ్లను ఏర్పఱచు పద్ధతియు ఉన్నది. దీపపు పరీక్షయే చాలునని మా యభిప్రాయము. నీళ్ల పరీక్షలో చేయి తొందరపడినచో పెంకు చిట్లును.

పిల్లల మేత గుఱించి చెప్పక తీఱదు. పాతకుండలో కొంచెము పేడయు గడ్డియు తడిపి కూరి, చెదలున్న చోట బోర్లించి రాత్రి విడిచిపెట్టుదురు. తెల్లవాఱునప్పటికి కుండ లోపలంతయు చెదపురుగులు. ఆ కుండ తెచ్చి పిల్లల ముందు తట్టినంతట, అబ్బ, ఆ సంబరము చూడవలెను! తల్లిపెట్ట తాను ఒక్కటి తినక, ముక్కుతో పట్టి పట్టి విడుచుచు, పిల్లలను పిలిచినది. చెదలలో మాంసకృత్తులు సమృద్ధిగా నుండును. మేము బజారులో సంచుల లెక్కను కొనెడి దాణాలో ఖరీదైన భాగమదియే. మా యూరిలో ఇంటి దూలములను తినుచున్న చెదలను మందుపోసి చంపుటే గాని, ఇట్టి వినియోగము మాకు తోచలేదు.

మేము కొక్కెర తెగులు మాట యెత్తితిమి. జరిగినదంతయు దాచక చెప్పితిమి. పెద్దమ్మ పలుకలేదు. లోపలినుండి ఆమె కూతురు, ఇంటరు చదువుచున్న పిల్ల, ఒక చలువపెట్టె తెచ్చి చూపినది. ఈ తెగులును పుస్తకములలో రాణీఖేతు వ్యాధి యందురు. కుమావూ కొండలలోని ఆ యూరిలో 1920ల చివర దీనిని గుర్తించుటచే ఆ పేరు. పట్టిన పిమ్మట మందు లేదు; ముందు వేయు టీకాయే దిక్కు. ఐదు మొదలు ఏడు దినముల పిల్లకు కంటిలోనో ముక్కులోనో ఒక చుక్క. నాలుగవ వారమున మఱల ఒక చుక్క. ఎనిమిది వారములు దాటిన పిదప రెక్క క్రింద సూదిమందు. ఆ సూదిమందుకు మూలమైన బీజము ముక్తేశ్వరములోని పశుపరిశోధనాలయమున సిద్ధమైనది. సీసా మంచులో నుండవలెను. కలిపిన పిదప రెండు గంటలలో ముగింపవలెను. ఒక్క సీసా నూఱు కోళ్లకు వచ్చును. ఒక్క యింట నూఱు కోళ్లుండవు. అందుచే ఈ పిల్ల తెల్లవాఱుజామున, కోళ్లు గంపల క్రింద నుండగనే, చలువపెట్టె భుజమున వ్రేలవేసికొని ఇల్లిల్లు తిరుగును. ఒక్క యిల్లు వద్దన్నను ఆ యింటినుండి తెగులు పల్లెకంతయు ప్రాకును. "మా పల్లెలో మూడేళ్లయింది, తెగులుకి ఒక్కటి పోలేదు" అని ఆమె చెప్పుచుండగా మేము చలువపెట్టె మూత వంకనే చూచుచుంటిమి. రెండు నెలల వాయిదా! మా వీధిలో ఇరువది రెండిండ్లు. ఎవరైన ఒకరు ఈ పిల్లవలె తిరిగియుండినచో?

ప్రొద్దు వాలుచుండగా పెద్దమ్మ లేచి, ఆ మైలరంగు పెట్టను పట్టి తెచ్చి మా యొడిలో పెట్టినది. "అమ్మను. వాటాకిస్తాను" అన్నది. ఆ కొండలలో ఇది పాత పద్ధతి. కోడి లేని యింటికి కోడిగల యిల్లు పెట్టను పెంపకమునకిచ్చును. లేచిన పిల్లలలో పాలు పంచుకొందురు. తెగులు వచ్చి ఒక పల్లె ఊడ్చుకొనిపోయినను మఱియొక పల్లెలో విత్తనము నిలుచును. ఒక్కచోట వాటాకు వెళ్లిన పెట్ట సంతతి ఎన్ని యిండ్లలో నున్నదో లెక్కపెట్టి చెప్పువారుందురు. పెద్దమ్మ పెట్టిన షరతులు నాలుగు. పెట్ట ఆమెదే. గ్రుడ్లు మేము తినవచ్చును, కాని కడపటి తొమ్మిదింటిని పొదుగ వేయవలెను. పెరిగిన పిల్లలు చెరిసగము, మొదట ఏరుకొను హక్కు ఆమెది. టీకా తప్పరాదు. తెగులుకు గాక గద్దకో పిల్లికో పోయినచో మమ్ము అడుగదు. టీకా వేయక పోయినచో మాత్రము మఱల ఆ గడప త్రొక్కనక్కఱలేదు. ఏ కాగితమును వ్రాసికొనలేదు.

తిరుగుదారిలో బస్సులో ఆ గంప మా కాళ్లనడుమ నుండెను. కండక్టరు దానికిని టిక్కెట్టు కొట్టునేమో యని మా చెల్లెలు చీరచెంగు కప్పినది. ఏలేశ్వరము వఱకు ఉలుకు పలుకు లేదు. ఊరు దగ్గఱ పడగనే గొంతెత్తి ఒక కేక వేసినది. బస్సంతయు నవ్వినది.

అత్తగారు గంపమూత తీసి చాలసేపు చూచినది. రంగు గుఱించి అడుగలేదు. కాళ్లు తడిమి, ఱొమ్ము ఎముక తడిమి, "ఇది పిల్లలను లేపినదే" అని మాత్రము అన్నది. అటకమీది గంపలు ఆ రాత్రియే దిగినవి. చోటు మారిన బెదరుతో పెట్ట పది దినములు గ్రుడ్డు పెట్టలేదు. మాకు గుండె దడ. పదకొండవనాడు వంటయింటి మూలనున్న పాత చాటలో పెట్టినది. మొత్తము 12 గ్రుడ్లు. లేతగోధుమరంగు, చిన్నవి, కాని పచ్చసొన పెద్దది. మొదటి మూడింటిని మేము తింటిమి. అందొకటి అత్తగారికి ఇచ్చితిమి గాని, ఆమె దానిని సగము చేసి మనుమల కంచములలో పెట్టినది. తొమ్మిదింటిని ఫాల్గుణమున పొదుగ వేసితిమి. ఆ మూడు వారములు పెట్ట దినమున కొక్కసారి లేచి, గబగబ నాలుగు గింజలు తిని, నీళ్లు త్రాగి, మఱల ఎక్కి కూర్చుండెడిది. చేయి దగ్గఱకు పెట్టినచో పొడిచెడిది. మా చెల్లెలి చేతిమీద ఆ మచ్చ ఇంకను ఉన్నది. దీపము పెట్టి చూచితిమి, ఒకటి వట్టిది. ఎనిమిది పిల్లలు లేచినవి. ఒకటి కాకి పాలైనది.

ఏడవనాడు చుక్క వేయించితిమి. ఒక్క మాయింటికే గాక, మా వీధిలో కోళ్లున్న తొమ్మిదిండ్లకును ముందురోజే వెళ్లి చెప్పి వచ్చితిమి. రెండిండ్లవారు నవ్విరి. వారి కోళ్లకును చుక్కలు వేయించితిమి. నాలుగవ వారపు చుక్కయు, తరువాత సూదిమందును అట్లే.

నేటికి ఏడు పిల్లలును పావురములంత దాటినవి. అయిదు పెట్టలు, రెండు పుంజులుగా తోచుచున్నవి. ఆఱు పిల్లలు మైలయు నలుపును కలిసిన రంగులు. ఏడవది డేగ. అమ్మమ్మ రంగు వచ్చినదని పెద్దమ్మకు ఫోనులో చెప్పగా, "మొదట ఏరుకునేది నేనే కదా!" అని నవ్వినది. ఆ నవ్వులో మాట తప్పనిచ్చు జాడ లేదు. అత్తగారు ఆ మాట విన్నది. ఆమె ప్రతి ఉదయము చోళ్లు చల్లునప్పుడు ఆ డేగపిల్ల ముందర రెండు గింజలు ఎక్కువగా పడుచుండుట మేము చూడనట్లే యుందుము. జ్యేష్ఠమాసపు వానలు రాకముందు పాలు పంచి ఇచ్చి రావలెను. ఈసారి మోకాళ్ల మాట యెత్తక తానును వత్తునని అత్తగారు బస్సు వేళలు అడుగుచున్నది. పెద్దమ్మకు ఇచ్చుటకు ఒక కుంచెడు చోళ్లు మూటకట్టి పెట్టినది. గంపలు మాత్రము రెండు దించినది; ఒకదానిలో ఏడు పిల్లలను పెట్టవచ్చును. రెండవది యెందుకని మేమడుగలేదు.